మాగాణి నేల – నత్రజని ఋణము



1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఈ గుండుగొలనులో జన్మించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, బందరులో వైద్యుడుగా మంచి పేరు గడించి, ఆ వృత్తిని స్వాతంత్ర్యోద్యమము కొరకు విడిచిపెట్టి, 1948లో జయపురమున జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి స్మృతికై కూడిన ఈ సభలో, రాజకీయములను గూర్చి గాక మాగాణి మట్టిని గూర్చి, అందులోను కంటికి కానరాని సూక్ష్మజీవులను గూర్చి ప్రసంగింప బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఇది వింతగా లేదు. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన మనీషికి, ఋణము చెడ్డది కాదనియు, దానిని ఎవరివద్ద, ఏ వడ్డీకి, ఏ గడువునకు తెచ్చుకొంటిమన్నదే రైతు బాగోగులను నిర్ణయించుననియు తెలియక పోదు. పైరునకు నత్రజని లభించు విధము కూడ ఇట్టి ఋణవ్యవహారమే. మనము రెండు తరములుగా ఒక్క అంగడివద్దనే అప్పు తెచ్చుచు, ఇంటనున్న మూలధనమును లెక్కలోనికి తీసికొనకున్నామనియు, ఆ మూలధనమును పెంచు సూక్ష్మజీవులు తమ చాకిరికి అడుగు వెల స్వల్పము కాదనియు, ఆ వెల ఏమో తెలిసి చెల్లించినప్పుడే మన సేద్యము నిలుచుననియు నేడు మనవి చేయదలచితిని.

మన తలలపై నున్న గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. ఒక్క ఎకరము పైని నిలిచియున్న వాయుమండలములో ముప్పది వేల టన్నులకు పైగా నత్రజని కలదు. ఐనను ఆ ఎకరములోని వరిపైరు, నత్రజని చాలక, పసుపువన్నెకు తిరిగి, పిలకలు వేయక గిడసబారిపోవుట మనము ఏటేట చూచుచున్న విషయమే. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి జంటగా, మూడు బంధములతో గట్టిగా పెనవేసికొని యుండుటయే ఇందులకు కారణము. ఆ జంటను విడదీయగల శక్తి వరికి లేదు, మనకు లేదు, పశువునకు లేదు. జర్మనీ దేశములో ఫ్రిట్జ్ హేబరు 1909లో ప్రయోగశాలయందును, కార్ల్ బోష్ 1913 నాటికి కర్మాగారమునందును ఈ కార్యమును సాధించిరి. కాని దానికి నాలుగైదు వందల డిగ్రీల వేడిమియు, వాతావరణపు ఒత్తిడికి నూటయేబది రెట్లు, రెండువందల రెట్లు ఒత్తిడియు కావలసి వచ్చెను. 1992లో కాకినాడలో ఉత్పత్తి నారంభించిన యూరియా కర్మాగారము మన గోదావరి తీరపు సహజవాయువునే ముడిసరకుగా చేసికొని ఈ మార్గముననే పనిచేసినది. ఆ విద్య ప్రపంచ జనములో సగము మందికి అన్నము పెట్టుచున్నదన్న మాట నిజము. దానిని నిందించుట నా యభిమతము కాదు.

అయితే లెక్క చూడవలెను. మన పల్లపు భూములలో ఎకరమునకు 75 కిలోల బస్తాలు ముప్పది పండినవనుకొందము. ధాన్యము 2,250 కిలోలు. టన్ను ధాన్యము పండుటకు వరిపైరు సుమారు 15 నుండి 20 కిలోల నత్రజనిని గ్రహించును. అనగా ఈ పంటకు కావలసినది 34 నుండి 45 కిలోలు. ఒక యూరియా కట్ట తూకము 45 కిలోలు. అందులో నత్రజని నూటికి 46 పాళ్ల చొప్పున 20.7 కిలోలు. రెండు కట్టలు చల్లితిమా, పైరునకు కావలసినదంతయు పోసితిమని మనము తృప్తి చెందుదుము. కాని నీరు నిలిచిన మడిలో వెదజల్లిన యూరియాలో పైరు నోటికి అందునది సామాన్యముగా నూటికి ముప్పదో, నలుబదో పాళ్లు మాత్రమే. ఆ రెండు కట్టలనుండి పైరు తీసికొన్నది 12 నుండి 16 కిలోలు. తక్కిన ఇరువదియో, పాతికయో కిలోలు ఎవరు ఇచ్చిరి? నేల ఇచ్చినది. ఎరువు దండిగా వేసిన మడిలోకూడ గింజలోనికి చేరు నత్రజనిలో సగమునకు పైబడి మట్టిలోని సేంద్రియ పదార్థమునుండియే వచ్చుచున్నదని, నత్రజని పరమాణువులకు గుర్తుపెట్టి చేసిన పరిశోధనలు పలు దేశములలో మరల మరల నిరూపించినవి. మొడుళ్లు, వేళ్లు, పెంట, చచ్చిన పురుగు, చచ్చిన సూక్ష్మజీవి, వీనియందు బంధింపబడిన నత్రజనిని కోటానుకోట్ల బాక్టీరియాలు జీర్ణించి, అమ్మోనియా రూపమున కొద్దికొద్దిగా విడుదల చేయును. పంటను నిజముగా మోయుచున్నవి ఇవియే. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 1960 దశకములో ప్రారంభించి, ఏటికి రెండు మూడు పంటలు పండించుచు నేటికిని సాగించుచున్న ప్రయోగములో, నత్రజని ఎరువు చిటికెడైన వేయని మడులు సైతము గొడ్డుపోలేదు. తక్కువ పంటయే ఐనను విడువక పండుచున్నవి. అక్కడ ఏటేట కోతతో పోయిన నత్రజనిని నింపుచున్నది గాలినుండి దానిని దించు సూక్ష్మజీవులు గాక మరెవ్వరు?

మనము చల్లిన యూరియా ఏమగుచున్నదో ఒకింత నిదానముగా చూడవలసి యున్నది, ఏలయన అందులోను సూక్ష్మజీవుల పాత్రయే ప్రధానము. దమ్ము చేసి ఊడ్చిన మడిలో, నీటికి దిగువ నున్న మట్టి పైపొర, కొన్ని మిల్లీమీటర్ల మందము మాత్రమే, ప్రాణవాయువుతో గూడి లేత గోధుమవన్నెలో నుండును. ఆ పొరను వ్రేలితో గీచి చూచినచో దాని క్రింద నల్లని, నీలపు నలుపు తిరిగిన బురద కనబడును. అచట ప్రాణవాయువు శూన్యము. నీటిలో పడిన యూరియా కొలది దినములలో అమ్మోనియాగా మారును. పైపొరలోని ఒక జాతి బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రేటుగా మార్చగా, ఆ నైట్రేటు క్రింది నల్ల బురదలోనికి జారి, అచటి మరియొక జాతి బాక్టీరియాకు చిక్కును. ప్రాణవాయువు లేనిచోట శ్వాసింపవలసిన ఆ జీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని వెనుకటివలెనే గాలిలోనికి వదలివేయును. దానితోబాటు కొంత నైట్రస్ ఆక్సైడు కూడ వెడలును. భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువుకంటె 270 రెట్లు అధికము. ఇది ఒక దారి. మరియొక దారి మిట్టమధ్యాహ్నపు ఎండలో తెరచుకొనును. నీటిలోని నాచు ఎండకు విజృంభించి నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చివేయుటచే, ఆ నీరు క్షారగుణమును పొంది, అందులోని అమ్మోనియా ఘాటైన వాయువుగా ఎగిరిపోవును. నీరు తీసి, బురద పదునులో యూరియా చల్లి, మరునాడో ఆ మరునాడో నీరు పెట్టుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుటలోని మర్మమిదియే. ఆకు రంగుల పట్టికను చేతబట్టి, ఆకు పసిమి తిరిగినప్పుడే పైపాటు వేయుట మరింత మంచిది. ప్రక్కవాడు చల్లినాడని చల్లిన యూరియాలో అధికభాగము ఏలూరు గాలికి దానమిచ్చినట్లే.

ఇక గాలినుండి నత్రజనిని దించు జీవుల మాట. వరి కోతకు నాలుగైదు దినముల ముందు, మడిలో పదును ఆరక పూర్వమే, నిలిచియున్న పైరులో మినుములు వెదజల్లుట కృష్ణా డెల్టా రైతునకు వెన్నతో పెట్టిన విద్య. దుక్కి లేదు, ఎరువు లేదు, తడి లేదు. మొడుళ్ల మధ్య మొలచి, మిగులు పదునుతోను, పుష్యమాసపు మంచుతోను ఆ మినుము పండును. వరి తీసిన పొలమున మినుము వేసిన నేల బలపడునని మన తాతలు ఎరుగుదురు. ఎందుచేత బలపడునో లోకమునకు తెలిసినది మాత్రము 1880 దశకములో. చిక్కుడుజాతి మొక్కలు గాలి నత్రజనిని వాడుకొనునని, ఆ వాడుక వేళ్ల మీది బుడిపెల మూలముననే జరుగుచున్నదని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను ఇరువురు 1886లో ప్రకటించిరి. రెండేండ్లకు హాలండు దేశీయుడైన బైయరింక్ ఆ బుడిపెలలోని బాక్టీరియాను వేరుచేసి పెంచి చూపెను. పట్టాభిగారు అప్పటికి ఎనిమిదేండ్ల బాలుడు.

మీలో ఎవరైనను నెల దాటిన మినుము మొక్కను, వేళ్లు తెగకుండ, మట్టిగడ్డతో సహా పెకలించి, కాలువ నీట మెల్లగా కడిగి చూడుడు. తల్లివేరు మీదను, పిల్లవేళ్ల మీదను ఆవగింజంత మొదలుకొని మిరియపు గింజంత వరకు గుండ్రని బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చినచో లోపల లేత గులాబి, లేదా పచ్చి రక్తపు ఎరుపు వన్నె కానవచ్చును. ఎరుపు ఉన్నదా, ఆ బుడిపె పనిచేయుచున్నది. లోపల పచ్చగానో బూడిదవన్నెగానో ఉన్నచో దాని పని ముగిసినది. తెల్లగా ఉన్నచో ఇంకను మొదలు కాలేదు. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. ఆ ఎరుపు ఏమియో 1939లో జపాను దేశపు కుబో అను శాస్త్రజ్ఞుడు తేల్చెను. అది మన రక్తములోని హీమోగ్లోబిన్‌కు తోబుట్టువు. నత్రజనిని విడదీయు నైట్రోజినేజ్ అను ఎంజైము ప్రాణవాయువు సోకినచో నశించును. కాని ఆ పని చేయు బాక్టీరియాకు శ్వాసించుటకు ప్రాణవాయువు కావలెను. ఈ విరుద్ధమైన రెండు అవసరములను ఏకకాలమున తీర్చుటకై మొక్క తన వేరులో ఈ ఎరుపు పదార్థమును నింపి, ప్రాణవాయువును చేతికి చిక్కనీయక, కొరత రానీయక, లెక్కపెట్టి అందించుచున్నది. రోగుల రక్తమును పరీక్షించిన డాక్టరు పట్టాభికి మినుము వేరులోని ఈ రక్తము ఎంత ఆనందము కలిగించి యుండునో యని నా కనిపించును.

ఈ స్నేహము కుదురు విధము కూడ విశేషమైనదే. నత్రజని కొరతపడిన మొక్క తన వేళ్లనుండి కొన్ని పదార్థములను మట్టిలోనికి స్రవింపజేయును. వానిని గుర్తెరిగిన రైజోబియం బాక్టీరియా మారుగా తన సంకేతమును పంపును. అంతట వేరు నూగు వంకర తిరిగి బాక్టీరియాను తనలో చుట్టుకొని, ఒక సన్నని దారి గుండ లోనికి గొనిపోయి, ఆ చోట బుడిపెను నిర్మించును. ఇక్కడ ఒక మాట మనస్సున నిలుపుకొనవలెను: నేలలో నైట్రేటు సమృద్ధిగా ఉన్నచో మొక్క ఆ సంకేతమునే పంపదు, పంపినను బుడిపెలను పెరుగనీయదు. చేతిలో సొమ్మున్నవాడు ఋణపత్రము వ్రాయడు గదా. మినుమునకు యూరియా కురిపించిన రైతు, తన పొలములోని ఉచిత సేవకులను తానే పొమ్మనుచున్నాడు.

ఉచితమంటిని; సరిదిద్దుకొని చెప్పవలసిన మాట అది. ఆ వెల ఎంతయో తెలియవలెనన్నచో ఇక్కడికి ఆగ్నేయముగా నున్న భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆయన తన గురువు ఫిస్కేతో గూడి కండరములలో ఒక భాస్వర పదార్థమును కనుగొనెను. అదే యేట జర్మనీలో లోమాన్ కూడ దానిని స్వతంత్రముగా కనుగొనెను. దానిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. సర్వప్రాణులును శక్తిని కొలిచి యిచ్చుకొను నాణెము. నత్రజని జంట నొకదానిని విడదీసి అమ్మోనియా చేయుటకు నైట్రోజినేజ్ ఆ నాణెములను కనీసము 16 వ్యయపరచవలెను. ఆ నాణెము లెక్కడివి? మొక్క ఎండలో తయారుచేసికొన్న చక్కెరనుండి వచ్చినవి. ఒక గ్రాము నత్రజనికై మొక్క సుమారు ఆరు గ్రాముల కర్బనమును బాక్టీరియాకు సమర్పించుచున్నదని అంచనా. ఆ నాణెమున భాస్వరము ఉండుటచేత భాస్వరము లేని నేలలో ఈ వ్యవహారము సాగదు. ఎంజైములో ఇనుము, మాలిబ్డినం అను లోహము ఉండుటచేత అవియు కావలెను. గోదావరి గడ్డమీద పుట్టిన శాస్త్రజ్ఞుడు అమెరికాలో కండరమునందు కనుగొన్న పదార్థమే గోదావరి గడ్డమీది మినుము వేరునందు అహోరాత్రములు వ్యయమగుచున్నదన్న సంగతి మన పిల్లలకు పాఠశాలలలో చెప్పవలసినది. కర్మాగారమున అగ్నికి ఇచ్చు మూల్యమును ఇక్కడ ఎండకు, చక్కెరకు, కాలమునకు ఇచ్చుచున్నాము. ఈ మూటిలో ఎండ ఈ దేశమున కొదవలేదు. కొదవైనది కాలము.

కాలమేల కొదవయ్యెను? 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు మన పొలములకు సార్వా పంటను నిశ్చయపరచినవి. అటుపిమ్మట దాళ్వా వచ్చెను. 1925లో స్థాపితమైన మార్టేరు వరి పరిశోధన కేంద్రము స్వర్ణవంటి వంగడములను ప్రసాదించి ధాన్యరాసులను పెంచెను. ఆ మేలు మరువరానిది. కాని రెండు వరిపంటల నడుమ నేలకు పూర్వమున్న విరామము కరిగిపోయినది. దాళ్వాకు నీరు పారు చోట్ల మినుమునకు తావు లేకపోయెను. ఇక మిగిలినది దాళ్వా కోసిన నాటినుండి జూనులో కాలువలకు నీరు వదలు వరకు నుండు ఎండకాలపు వ్యవధి, సుమారు ఏబది దినములు. ఆ ఏబది దినములను మనము మొడుళ్లకు నిప్పుపెట్టుటతో ప్రారంభించి, ఎండబెట్టుటతో ముగించుచున్నాము.

ఆ వ్యవధికి తగిన పైరు జీలుగ. గింజకై పెంచు మినుముకంటె నేలకు జీలుగయే మిన్నయని నా దృఢాభిప్రాయము. కారణము స్పష్టము: కాయ పట్టునప్పుడు మినుము తాను దించిన నత్రజనిలో అధికభాగమును గింజలోనికి తరలించును, ఆ గింజను మనము ఇంటికి తెచ్చుకొందుము, ఇడ్లీకి, గారెకు నత్రజని చేరినది గాని నేలకు మిగిలినది కొలదియే. పచ్చిరొట్ట ఎరువునకై వేసిన జీలుగ సర్వస్వమును నేలకే అర్పించును. ఏబది అరువది దినములలో అది హెక్టారుకు 80 కిలోల వరకు, కొన్నిచోట్ల అంతకు మించియు, నత్రజనిని కూర్చును. ఎకరమునకు 32 కిలోలు, అనగా కట్టన్నర యూరియాతో సమానము. అదంతయు మొదటి పంటకే అందదు. కొంత అందును, కొంత మట్టిలో మూలధనముగా నిలిచి మరు పంటలకు చేరును. జీలుగ నీటిముంపునకు, చౌడునకు కూడ ఓర్చును. జనుము ముంపు నోర్వదు. పిల్లిపెసర పశువుల మేతకు అక్కరకు వచ్చి, పిమ్మట దున్నుటకును పనికివచ్చును. దున్నవలసిన అదను పూతదశ. కాడను చేతబట్టి విరిచినప్పుడు పుటుక్కున విరుగవలెను. నార సాగినదా, అదను తప్పినది, మురుగుటకు జాగగును. కలియదున్ని, నీరుపెట్టి, వారము పదిదినములు మురుగనిచ్చి ఊడ్చుట మేలు. నీరు నిలిచిన మడిలో పచ్చిరొట్ట మురుగునప్పుడు మీథేన్ వాయువు హెచ్చుగా వెలువడునన్న ఆక్షేపణ సత్యమే. అప్పుడప్పుడు మడిని ఆరబెట్టుట దానికి కొంత విరుగుడు.

మడి నీటిలోనే నత్రజనిని దించు జీవులును కలవు. వరిమడులు ఎరువు లేకయే తరతరములుగా పండుటకు నీలి ఆకుపచ్చ నాచు కారణమని బెంగాలు శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో లండను రాయల్ సొసైటీ పత్రికలో నిరూపించెను. కాశీ విశ్వవిద్యాలయమున ఆర్. ఎన్. సింగ్, ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయమున జి. ఎస్. వెంకటరామన్ ఆ పరిశోధనను రైతు గడపకు తెచ్చిరి. ఈ నాచు పంటకు హెక్టారుకు ఇరువది, ముప్పది కిలోల నత్రజనిని చేర్చగలదు. ఐతే మడిలో కనబడు ప్రతి పాచియు ఇది కాదు. దారములు దారములుగా జారిపోవు పచ్చని పాచి నత్రజనిని దించునది కాదు, పైగా ఇందాక చెప్పిన మధ్యాహ్నపు నష్టమునకు తోడ్పడునది. అజొల్లా అను నీటి ఫెర్ను తన ఆకు మడతలలో ఇట్టి నీలి నాచునే పోషించుకొనును. అనుకూల వాతావరణమున నాలుగైదు దినములలో రెట్టింపగును. కాని మన వేసవి ఎండకు అది నిలువదు, భాస్వరము లేనిదే పెరుగదు, విత్తనమును ఏడాది పొడవున కాపాడుట కష్టము. కావుననే దానిని పొగడిన రైతులు చాలమంది, పెంచినవారు కొలదిమంది.

ఇప్పుడు ప్యాకెట్లలో అమ్మబడు జీవన ఎరువులను గూర్చి నా తీర్పు చెప్పెదను. రైజోబియం కల్చరు మంచిదే. నెలల తరబడి నీట మునిగిన వరిమడిలో రైజోబియం క్షీణించి యుండును గనుక, మినుమునకు దానిని పట్టించుట న్యాయము. బెల్లపు పాకముతో ఎకరపు విత్తనమునకు 200 గ్రాముల పొడిని పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ పూటనే చల్లవలెను. విత్తనశుద్ధి మందు ముందురోజుననే పట్టించి యుండవలెను. ఎండలో వ్రేలాడదీసిన ప్యాకెట్టులో ఉన్నది మట్టిపొడి మాత్రమే, జీవము కాదు. వరికిని చెరకునకును అజోస్పిరిల్లమ్ ప్యాకెట్టులు కలవు. బ్రెజిలులో జొహానా డోబరైనర్ అను మహాతల్లి తన జీవితమంతయు ఈ జాతి బాక్టీరియాకై ధారపోసినది. వాని మేలు కలదు గాని అది బుడిపెల మేలునకు సాటిరాదు. వేరు పెరుగుదలకు సాయమని భావించి వాడుకొనుట యుక్తము.

2016 నుండి మన రాష్ట్రములో రైతు సాధికార సంస్థ ద్వారా సాగుచున్న ప్రకృతి వ్యవసాయములో, తొలకరికి ముందే నవధాన్యములను కలిపి చల్లుట అను పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. అందులో పెసర, అలసంద, జనుము, జీలుగ వంటి బుడిపెల జాతులు ఉండుటయే దాని బలము. ఆ సేద్యములోనే వాడు జీవామృతమను ద్రవమును మాత్రము నత్రజని భాండారమని భ్రమింపరాదు. అది మట్టిలోని జీవులకు ఆహారమును, ప్రేరణను ఇచ్చును. టన్నుల కొలది ధాన్యమునకు చాలిన నత్రజని ఒక పీపాలోని ద్రవమున ఉండజాలదు. ఈ రెంటిని కలగాపులగము చేసి చెప్పువారు ప్రకృతి వ్యవసాయమునకు మేలు చేయుట లేదు.

మన గుండుగొలను మెరకకును పల్లమునకును నడుమ నున్న ఊరు. ఉత్తరముగా ద్వారకా తిరుమల దిక్కున ఎఱ్ఱ గరపనేలలు, పామాయిలు తోటలు. లేతతోటల వరుసల నడుమ బుడిపెల జాతి తీగలను పరచుట అచట సులభమైన పుణ్యము. దక్షిణముగా మన మురుగు కాలువలన్నియు కొల్లేటి దిక్కునకే పోవును. పొలములలోను చేపల చెరువులలోను మనము చిందించిన నత్రజనిలో కొంత ఆ నీటనే కలియును. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ చిత్తడినేలల పట్టికకెక్కిన కొల్లేటిలో గుర్రపుడెక్క దట్టముగా అల్లుకొని, నీటికదలికను అడ్డి, ఉప్పుటేటి వైపు ప్రవాహమును మందగింపజేయుచున్నదన్నచో, దానికి మేత పెట్టినవారిలో మనమును ఉన్నాము. పెంచదలచిన పైరునకు అందక, పెంచరాని కలుపునకు అందుచున్న ఎరువునకు మనమే సొమ్ము చెల్లించుచున్నాము.

వరియే తన నత్రజనిని తాను సంపాదించుకొను దినము రాగలదా యని శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. 2024లో సముద్రపు నాచు కణములో, ఒకప్పుడు స్వతంత్ర బాక్టీరియాయై యుండి క్రమముగా ఆ కణమునకు అవయవమైపోయిన నత్రజని స్థిరీకరణ భాగమును కనుగొనిరి. ఆశ కలిగించు వార్తయే. ఐనను మన మనుమల కాలమునకు వచ్చునో రానో యెరుగని విద్యకై నేటి జీలుగను మానుకొనరాదు.

కడపటిగా ఒక మాట. నేటి సభలో నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. జీలుగ మేలు రైతులకు తెలియక కాదు వేయకున్నది. ఈ డెల్టాలో నాగలి పట్టువారిలో చాలమంది కౌలుదారులు. ఏటేట మక్తా కట్టి, వచ్చు ఏడు ఆ చేను తనదగునో కాదో తెలియని కౌలు రైతు, పరుల నేలలో నత్రజనిని ఏల దాచును? యూరియా చల్లిన ఫలము పది దినములలో కండ్ల బడును. జీలుగ ఫలము కొంత ఈ పంటకు, కొంత వచ్చు పంటలకు. పంట సాగుదారుల హక్కులను గూర్చిన 2019 రాష్ట్ర చట్టము ననుసరించి ఇచ్చు సాగుదారు పత్రమునకు గడువు 11 నెలలు. మట్టిలోని మూలధనము పెరుగుటకు కావలసిన గడువు సంవత్సరములు. బుడిపెలోని బాక్టీరియాకు మొక్క ఇచ్చిన నమ్మకమైన గడువును, మొక్కను పెంచు మనిషికి మనము ఇవ్వకున్నాము. ఋణము యొక్క గడువును గూర్చి ఆలోచించిన పట్టాభిగారి ఊరిలో ఈ అన్యాయమును ఎత్తి చూపకపోవుట నాకు తగదు.

కనుక ఈ గ్రామములోని భూకామందులకు నా విన్నపము: మీ కౌలుదారునకు మూడేండ్లకు తక్కువ కాకుండ నోటిమాటగానైనను గడువు ఇయ్యుడు, దాళ్వా కోతకాగానే వేయు జీలుగ విత్తనపు ఖర్చులో సగము మీరు భరింపుడు, ఆ నేల మీది, బలపడునది మీ ఆస్తియే. రైతు సోదరులకు విన్నపము: ఈ వేసవిలో చేనంతయు వలదు, ఒక్క మడిలో జీలుగ చల్లి, పూతకు రాగానే దున్ని, సార్వాలో ఆ మడికి మొదటి కోటా యూరియాను మానివేయుడు. ప్రక్క మడికి మామూలుగా వేయుడు. కోతనాడు రెండు మళ్ల ధాన్యమును వేరువేరుగా తూచి, ఆ అంకెలను రైతు సేవా కేంద్రములో నలుగురి యెదుట వ్రాయించుడు.